వీపు, మెడ కండరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నడుము నొప్పితోనో మెడ నొప్పితోనో వస్తారు. రైతులు, కూలీలు, వల లాగేవాళ్లు, జీడిపప్పు పనికి వెళ్లే ఆడవాళ్లు, టైలర్లు, ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు, అందరూ ఉంటారు. నొప్పి ఎక్కడుందో చెయ్యి పెట్టి చూపిస్తారు గానీ ఆ చెయ్యి కింద ఏముందో తెలియక భయపడతారు. అది తెలిస్తే సగం భయం పోతుంది, అనవసరంగా మింగే బిళ్లలూ తగ్గుతాయి. అందుకే మా దగ్గర అందరూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ కాస్త తీరిగ్గా జవాబులు రాస్తున్నాను. కండరాలకు డాక్టర్లు వాడే పేర్లే వాడాను. రేపు మీ రిపోర్టులో కనిపించేవి అవే.

వీపులో ఎన్ని పొరల కండరాలు ఉంటాయి?

మూడు పొరలు. చర్మం కింద ముందుగా తగిలేవి భుజాన్ని, చేతిని ఆడించే పెద్ద కండరాలు. వాటి కింద పక్కటెముకలకు అతుక్కుని ఉండే పల్చటి పొర ఒకటి ఉంది. దాని పని చిన్నదే, దాని గురించి మీరు బెంగపెట్టుకోనక్కర్లేదు. అన్నిటికంటే లోపల, వెన్నెముకను ఆనుకుని, తల వెనక నుంచి తుంటి ఎముక దాకా ఉండేవి అసలైన వీపు కండరాలు. ఒంటిని నిటారుగా నిలబెట్టేది ఈ లోపలి పొరే.

వెన్నెముకలో కదిలే పూసలు 24. మెడలో 7, పక్కటెముకలు అతికే చోట 12, నడుములో 5. వాటి కింద 5 పూసలు కలిసిపోయి ఒకే ఎముక అవుతాయి. చివర ఉండే తోక ఎముక సాధారణంగా 4 చిన్న పూసలు కలిసి ఏర్పడింది.

పై పొరకు, లోపలి పొరకు నరాలు కూడా వేరే దారుల్లో వస్తాయి. లోపలి కండరాలకు ఆ పూస దగ్గర బయటికొచ్చే నరం నుంచే ఒక చిన్న కొమ్మ వెనక్కి వెళ్తుంది. పై పొర కండరాలకు మాత్రం నరాలు పైనుంచి, ఎక్కువగా మెడ నుంచే దిగుతాయి. మెడలో నరం నొక్కుకున్నప్పుడు నొప్పి చాలాసార్లు రెండు రెక్కల (భుజాల వెనక ఉండే పలక లాంటి ఎముకల) మధ్య, వీపులో తెలుస్తుంది. వీపంతా నూనె రాసి రుద్దినా తగ్గని నొప్పి మెడ నుంచి వస్తుండొచ్చని అందుకే చెబుతుంటాం.

వల లాగేది చేతులు కదా, వీపు ఎందుకు నొస్తుంది?

లాగే బలంలో పెద్ద వాటా వీపుదే. లాటిసిమస్ డార్సై అనే కండరం వీపు కింది సగమంతా పరుచుకుని ఉంటుంది. ఛాతీ వెనక పూసల్లో కింది ఆరు, నడుము మీదుండే గట్టి పొర, తుంటి ఎముక అంచు, కింది పక్కటెముకలు, ఇన్ని చోట్ల మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడి, చంక కింద నుంచి మెలి తిరిగి చేతి ఎముక ముందు వైపు అతుక్కుంటుంది. పైకి చాచిన చేతిని కిందికీ వెనక్కీ లాగేది ఇదే. భావనపాడు, కళింగపట్నం, బారువ ఒడ్డున వల లాగేవాళ్ల వీపు చంకల నుంచి నడుము దాకా విచ్చుకున్నట్టు కనిపించడానికి కారణం ఈ కండరమే.

దానికి తోడు రెండు రెక్క ఎముకల మధ్య రాంబాయిడ్ కండరాలు ఉన్నాయి. రెక్కల్ని వెన్ను వైపు లాగి బిగించి పట్టేవి ఇవి. రెక్క స్థిరంగా లేకపోతే చేతికి ఎంత బలమున్నా ప్రయోజనం లేదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తి నాయుడు గారు రెండు పక్కలా కార్లను పట్టి కదలనివ్వలేదని మన పెద్దలు చెప్పుకుంటారు. అలాంటి ప్రదర్శనలో చేతులు పట్టుకుని ఉంటాయంతే, ఆపేది రెక్కల్ని బిగించిన వీపు కండరాలు.

వల పని చేసేవాళ్లకు ఒక మాట. లాగేటప్పుడు నడుము ఒక్కటే వెనక్కి విరిచి లాగితే బరువు నడుము పూసల మీద పడుతుంది. మోకాళ్లు కాస్త వంచి, కాళ్లతో వెనక్కి నడుస్తూ లాగాలి. అనుభవమున్న మత్స్యకారులు చేసేది అదే. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లు వాళ్ల కాళ్లు గమనిస్తే చాలు.

భుజం మీద, మెడ పక్కన గట్టిగా గడ్డ కట్టినట్టు ఉంటుంది. అదేమిటి?

ఎక్కువమందిలో అది ట్రెపీజియస్ కండరం పై భాగం. తల వెనక ఎముక దగ్గర మొదలై, మెడ వెనకగా ఛాతీ పూసల్లో చివరిదాని వరకూ దిగి, అటూ ఇటూ భుజాల దాకా వెళ్లే పెద్ద కండరం ఇది. పై భాగం భుజాన్ని ఎత్తుతుంది, మధ్య భాగం రెక్కను వెనక్కి లాగుతుంది, కింది భాగం రెక్కను కిందికి దించి పడుతుంది. మనం రోజంతా పై భాగాన్నే వాడుతుంటాం. సంచి తగిలించుకున్నా, బండి నడిపినా, టెన్షన్ పడినా భుజాలు తెలియకుండానే పైకి లేస్తాయి.

దాని కింద లివేటర్ స్కాపులే అని ఇంకో సన్నటి కండరం ఉంది. మెడలో పై నాలుగు పూసల నుంచి రెక్క లోపలి పై మూలకు వస్తుంది. "ఇదిగో, సరిగ్గా ఇక్కడే" అని వేలు పెట్టి చూపించే నొప్పి చాలాసార్లు ఈ మూల దగ్గరే ఉంటుంది. నొక్కితే గట్టిగా, నొప్పిగా ఉండే ఆ ముడి మెత్తబడటానికి వేడి కాపడం, మెల్లగా సాగదీయడం, భుజాలు వెనక్కి తిప్పే కదలిక సాయం చేస్తాయి. నొప్పి లేకుండా రోజురోజుకీ పెరిగే గడ్డ, రాయిలా గట్టిగా ఉండే గడ్డ మాత్రం కండరం ముడి కాకపోవచ్చు. దాన్ని డాక్టరుకు చూపించాలి.

వెన్నుకు రెండు పక్కలా తాళ్లలా తగిలేవి ఏమిటి?

అవి ఎరెక్టర్ స్పైనే. తుంటి వెనక నుంచి తల వెనక దాకా మూడు వరుసలుగా వెళ్లే కండరాల సమూహం. మీ మీదే చూసుకోవచ్చు. నిటారుగా నిలబడి రెండు బొటనవేళ్లను నడుము వెనక, వెన్నుకు అటూ ఇటూ ఆనించండి. ఇప్పుడు కొద్దిగా ముందుకు వాలండి. వేళ్ల కింద రెండు పక్కలా గట్టిపడుతుంది. మెల్లగా వెనక్కి వాలండి, మెత్తబడుతుంది. అలాగే వేళ్లు పెట్టుకుని నాలుగడుగులు నడిస్తే ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క బిగుసుకోవడం తెలుస్తుంది. మీరు నిలబడినా నడిచినా అవి పని చేస్తూనే ఉంటాయి.

ఇంకా లోతుగా, పూసకూ పూసకూ మధ్య ఏటవాలుగా అల్లుకుని ఉండే మల్టిఫిడస్ ఉంది. నడుము దగ్గర ఇది లావుగా ఉంటుంది. పూసలు ఒకదాని మీద ఒకటి జారకుండా, అతిగా తిరగకుండా పట్టి ఉంచడం దీని పని. ఒకసారి నడుము గట్టిగా పట్టేస్తే నొప్పి ఉన్న పక్క మల్టిఫిడస్ చిక్కిపోతుంది. నొప్పి తగ్గినంత మాత్రాన అది దానంతట అదే పూర్తిగా కోలుకోదు. నడుము నొప్పి మళ్లీ మళ్లీ రావడానికి ఇదొక కారణం. "తగ్గిపోయింది కదా, ఇంకా వ్యాయామం ఎందుకు" అనే ప్రశ్నకు నా జవాబు ఇదే.

దానికి సులువైన వ్యాయామం ఒకటి. చాప మీద మోకాళ్లు, అరచేతులు ఆనించి ఉండండి. కుడి చేతిని ముందుకు, ఎడమ కాలిని వెనక్కి చాపి, నడుము కదలకుండా ఎనిమిది పది సెకన్లు ఆపండి. తర్వాత రెండో పక్క. నడుము ఊగిపోతుంటే ముందు కాలు ఒక్కటే చాపండి.

ఉభాలప్పుడు రోజంతా వంగి నాటుతాం. సాయంత్రానికి నడుము లేవదు. కండరాలు అలసిపోవడమేనా?

ఈ ప్రశ్నకు కాస్త ఎక్కువ చెప్పాలి. మన ఆడవాళ్లు ఏటా అనుభవించే నొప్పి ఇది.

వంగడం మొదలుపెట్టినప్పుడు ఎరెక్టర్ స్పైనే బిగుసుకుని ఒంటిని మెల్లగా కిందికి దించుతుంది. పూర్తిగా వంగిపోయాక మాత్రం ఆ కండరాలు దాదాపుగా పని ఆపేస్తాయి. కండరాల్లో విద్యుత్ కదలికల్ని కొలిచే పరికరం పెట్టి చూస్తే ఆ దశలో నడుము కండరాలు నిశ్శబ్దంగా కనిపిస్తాయి. మరి ఒళ్లు ముందుకు పడిపోకుండా ఆపేదేమిటి? పూసల్ని కలిపే లిగమెంట్లు, వెనక ఉన్న గట్టి పొర, పూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు. బరువంతా వాటికి వేలాడుతుంది.

లిగమెంట్లకు ఒక గుణం ఉంది. చాలాసేపు లాగి ఉంచితే కొద్దికొద్దిగా సాగుతాయి. లేచి నిలబడగానే వెంటనే మునుపటి పొడవుకు రావు. ఆ కాసేపు నడుముకు పట్టు తక్కువగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే నారు కట్టలు ఎత్తుకుని గట్టు దాటామా, నడుము పట్టేస్తుంది. ఎత్తిన కట్ట బరువెంత అన్నది ఒక్కటే కాదు, దానికి ముందు ఎంతసేపు వంగి ఉన్నాం అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. "చిన్న చెంబు ఎత్తబోతే నడుం పట్టేసింది" అని ఆశ్చర్యపోయేవాళ్ల విషయంలోనూ చాలాసార్లు ఇదే జరిగి ఉంటుంది.

గుత్తకు నాటేటప్పుడు మధ్యలో ఆగడం కష్టమని తెలుసు. అయినా వరుస పూర్తయి గట్టు చేరగానే నడుము మీద రెండు చేతులూ పెట్టుకుని నాలుగైదుసార్లు వెనక్కి వాలండి, పది అడుగులు నడవండి. దీనికి నిమిషం కూడా పట్టదు. వంగినదాని నుంచి లేవగానే బరువు ఎత్తకండి. నారు కట్టలు విసిరే మనిషి, నాటే మనిషి పూటకోసారి పని మార్చుకుంటే ఇంకా మంచిది. ఈ మాట మేస్త్రీలు కూడా వింటే బాగుంటుంది. నడుము పట్టేసి మంచమెక్కిన మనిషి మర్నాడు పనికి రాలేదు కదా.

నాట్లలో వంగేది నడుము ఒక్కటే కాకూడదు, తుంటి కీలు కూడా వంగాలి. తొడల వెనక కండరాలు బిగుసుకుపోయి ఉంటే తుంటి వంగదు, ఆ వంపంతా నడుము భరించాలి. ఉభాలకు కొన్ని వారాల ముందు నుంచే కాళ్లు చాపి కూర్చుని తొడల వెనక భాగాన్ని సాగదీసుకుంటే పని రోజుల్లో తేడా తెలుస్తుంది.

బరువు ఎలా ఎత్తాలి? కూర్చుని ఎత్తాలా, వంగి ఎత్తాలా?

మొదట చూడాల్సింది బరువు ఒంటికి ఎంత దగ్గరగా ఉందన్నది. నడుము కండరాలు వెన్నుపూస మధ్య నుంచి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఉండి లాగుతాయి. 10 కిలోల బిందెను ఒంటికి 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఆ ఒక్క బిందె కోసమే కండరాలు 100 కిలోల బలంతో లాగాలి. అదే బిందెను 25 సెంటీమీటర్లకు తెచ్చుకుంటే 50 కిలోలు చాలు. ఒంటి సొంత బరువు దీనికి అదనం.

వెయిట్‌లిఫ్టర్ కర్ణం మల్లీశ్వరి ఎత్తడం చూసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ మన జిల్లా బిడ్డ. లిఫ్టర్ల చేతిలో బార్ ఎప్పుడూ కాళ్లను రాసుకుంటూ పైకి వస్తుంది. బలం తుంటి నుంచి, తొడల నుంచి పుడుతుంది, వీపు గట్టిగా నిలిచి ఆ బలాన్ని చేతులకు అందిస్తుంది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ సాధన చేసే పిల్లలను అడిగినా ఇదే చెబుతారు.

ఎత్తే ముందు ఊపిరి తీసుకుని పొట్టను కొద్దిగా బిగించండి. పొట్ట లోపలి కండరాలు నడుము వెనకున్న గట్టి పొరకు అతుక్కుని ఉంటాయి. ముందు బిగిస్తే వెనక కూడా బిగుస్తుంది. 45 కిలోల యూరియా బస్తా ఒక్కరే ఎత్తి తిప్పి భుజాన వేసుకోవడం మాత్రం ఎవరికీ మంచిది కాదు. ఎత్తుతూ మెలి తిరగడం డిస్కులకు చాలా చెడ్డది. ఇద్దరు పట్టండి.

మెడలో ఏ కండరాలు ఉన్నాయి? తల తిప్పేది ఏది?

అద్దం ముందు నిలబడి ముఖాన్ని కుడివైపు తిప్పండి. మెడ ఎడమ పక్కన, చెవి వెనక నుంచి ఛాతీ మధ్య దాకా ఒక పట్టీ ఉబ్బి కనిపిస్తుంది. అదే స్టెర్నోక్లీడోమాస్టాయిడ్. ఎడమది బిగిస్తే ముఖం కుడివైపు తిరుగుతుంది, తల ఎడమవైపు వాలుతుంది. దీనికి పని చెప్పే నరమే ట్రెపీజియస్‌కు కూడా వెళ్తుంది. మెడ పక్కన గడ్డలకు ఆపరేషన్ అయ్యాక భుజం ఎత్తలేకపోతే ఆ నరాన్ని పరీక్షించాల్సింది అందుకే.

ముందు వైపు, గొంతు దగ్గర ఉండే చిన్న కండరాలు మింగడానికి, మాట్లాడటానికి పని చేస్తాయి. చర్మం కిందే ప్లాటిస్మా అనే పల్చటి పొర ఉంటుంది. పక్కన స్కేలీన్ కండరాలు మూడు, మెడ పూసల నుంచి పై రెండు పక్కటెముకలకు దిగుతాయి. ముందుదానికీ మధ్యదానికీ ఉన్న సందులోంచే చేతికి వెళ్లే నరాల కట్ట, పెద్ద రక్తనాళం బయటికి వస్తాయి. ఆ సందు ఇరుకైతే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. ఈ కండరాలు పక్కటెముకల్ని పైకి లాగి ఊపిరికి కూడా సాయపడతాయి. ఆయాసం వచ్చిన మనిషి మెడ కండరాలు ప్రతి ఊపిరికీ లేచి కనిపిస్తుంటే అది అత్యవసరం అని గుర్తుపెట్టుకోండి.

వెనక వైపు, ట్రెపీజియస్ కింద ఇంకా పొరలున్నాయి. అన్నిటికంటే లోపల, తలకూ మొదటి రెండు పూసలకూ మధ్య నాలుగు జతల చిన్న కండరాలు ఉంటాయి, వాటిని సబాక్సిపిటల్ కండరాలు అంటారు. తల తిప్పడంలో దాదాపు సగం ఈ మొదటి రెండు పూసల మధ్యే జరుగుతుంది. ఈ బుల్లి కండరాల్లో సాగుదలను కనిపెట్టే సూక్ష్మ భాగాలు చాలా ఎక్కువ. తల ఏ కోణంలో ఉందో మెదడుకు తెలియడంలో వీటి పాత్ర పెద్దది. ఇవి బిగిస్తే తల వెనక నుంచి కళ్ల మీదకు పాకే నొప్పి వస్తుంది. చాలామంది దాన్ని కళ్లజోడు సమస్య అనుకుంటారు.

ఫోన్ చూస్తే మెడ పాడైపోతుందా?

పెద్దవాళ్ల తల బరువు సుమారు 5 కిలోలు. తల నిటారుగా ఉంటే ఆ బరువు పూసల మీద సర్దుకుంటుంది. ముందుకు వంగేకొద్దీ మెడ వెనక కండరాలు దాన్ని వెనక్కి పట్టి ఉంచాలి, ఇందాక బిందెకు వేసిన లెక్కే ఇక్కడా. పావుగంట వంచితే ఏమీ కాదు. రెండు గంటలు కదలకుండా వంచి ఉంచితే నొప్పి వస్తుంది. పోటీ పరీక్షలకు నేల మీద కూర్చుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని చదివే పిల్లలకూ ఇదే బాధ. చిన్న పీట మీదో డెస్కు మీదో పుస్తకం ఎత్తుగా పెట్టుకోవాలి. అరగంటకోసారి లేవాలి.

పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు కొట్టే పనికి, పప్పు పొట్టు తీసే పనికి వెళ్లేవాళ్లు, పొందూరులో నూలు వడికేవాళ్లు కూడా ఇలాగే తల వంచి చేతులు ముందుకు పెట్టి గంటల తరబడి కూర్చుంటారు. చేతులు గాల్లో ఆనకుండా ఉంటే ట్రెపీజియస్ రోజంతా వాటిని మోస్తుంది. మోచేతులకు ఆనుడు ఉండేలా పని ఎత్తు సర్దుకుంటే సగం భారం తగ్గుతుంది.

తలమీద బరువు మోస్తే మెడ ఎముకలు అరుగుతాయా?

ఏళ్ల తరబడి పెద్ద బరువులు మోసేవాళ్లలో అరుగుదల తొందరగా కనిపిస్తుంది. నెత్తిన ఒక బిందె నీళ్లు తెచ్చుకోవడంతో అలా అవ్వదు. చుట్టకుదురు వాడండి, ఎత్తుకునేటప్పుడు, దించేటప్పుడు పక్కవాళ్ల సాయం తీసుకోండి. దెబ్బ తగిలేది ఎక్కువగా ఆ రెండు క్షణాల్లోనే.

పొద్దున్న లేచేసరికి మెడ పట్టేసింది. సెలూన్‌లో మెడ విరిపించుకోవచ్చా?

వద్దు. ఈ ఒక్క విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. మెదడుకు రక్తం తీసుకెళ్లే రెండు వెర్టిబ్రల్ ధమనులు మెడ పూసల పక్కనున్న రంధ్రాల్లోంచి పైకి వెళ్తాయి. మొదటి పూస దగ్గర అవి వంపు తిరిగి పుర్రెలోకి దూరతాయి. తలను పట్టుకుని ఒక్కసారిగా మెలితిప్పితే ఆ ధమని లోపలి పొర చిరిగే ప్రమాదం ఉంది. అక్కడ గడ్డ కట్టిన రక్తం మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అరుదే, కానీ వయసులో ఉన్నవాళ్లకు కూడా వస్తుంది. తలకు నూనె మర్దన చేయించుకోండి, హాయిగా ఉంటుంది. మెడ మీద చెయ్యి వేసి విరవబోతే మాత్రం "వద్దు అన్నా" అని ఆపేయండి.

నిద్రలో పట్టేసిన మెడ ఎక్కువగా కొన్ని రోజుల్లో దానంతట అదే వదులుతుంది. వేడి కాపడం పెట్టి, నొప్పి రాని మేరకు మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ ఉండండి. కదపకుండా బిగబట్టుకుని కూర్చుంటే ఆలస్యమవుతుంది.

పసిబిడ్డ తల ఎప్పుడూ ఒకే పక్కకు వాల్చి ఉంటుంది. దిష్టా?

స్టెర్నోక్లీడోమాస్టాయిడ్ ఒక పక్క పొట్టిగా బిగుసుకుని ఉండొచ్చు. కొందరు బిడ్డల్లో ఆ కండరంలో చిన్న గట్టి ముడి కూడా చేతికి తగులుతుంది. మొదటి నెలల్లోనే ఫిజియోథెరపీ మొదలుపెడితే చాలామందికి ఆపరేషన్ అవసరం లేకుండా సర్దుకుంటుంది. స్నానం చేయించే అమ్మమ్మలు, నానమ్మలు మెడను గట్టిగా లాగి సరిచేయాలని చూడకండి. పిల్లల డాక్టరు ఒకసారి చూశాక, తల ఎటు తిప్పదో ఆ వైపు నుంచి పిలుస్తూ, బొమ్మ చూపిస్తూ ఆడించండి.

నడుము నొప్పి వస్తే కిడ్నీ పోయినట్టేనా?

ఉద్దానం నుంచి వచ్చే ప్రతి ఇంటివాళ్లూ అడిగే ప్రశ్న. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో చూసినవాళ్లకు ఆ భయం సహజం. దాని అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. అందుకే ఈ జవాబు జాగ్రత్తగా చదవండి.

కిడ్నీలు నడుము మధ్యలో ఉండవు. ఛాతీ చివరి పూస నుంచి నడుము మూడో పూస ఎత్తు దాకా, కొంత భాగం కింది పక్కటెముకల చాటున, లోపల ఉంటాయి. కుడిది ఎడమదాని కంటే కాస్త కిందికి. వాటి వెనక క్వాడ్రేటస్ లంబోరం, సోయాస్ అనే కండరాలు, వాటి వెనక ఇందాక చెప్పిన వెన్ను కండరాలు. అంటే మీరు చెయ్యి పెట్టే చోటుకూ కిడ్నీకీ మధ్య చాలా కండ ఉంది. వంగితే, లేస్తే, పక్కకు తిరిగితే ఎక్కువై, పడుకుంటే తగ్గే నొప్పి దాదాపు ఎప్పుడూ కండరాలదో పూసలదో అవుతుంది.

కిడ్నీలో రాయి ఉంటే నొప్పి పక్కటెముకల కింద మొదలై గజ్జల్లోకి పాకుతుంది, కుదురుగా కూర్చోనివ్వదు. ఇన్ఫెక్షన్ అయితే చలిజ్వరం, మూత్రంలో మంట తోడవుతాయి. ఉద్దానంలో చూస్తున్న దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు మాత్రం ఎక్కువగా నొప్పి లేకుండానే ముదురుతుంది. నడుము నొప్పి లేదు కాబట్టి కిడ్నీ బాగుందని అనుకోవడానికి లేదు, ఉంది కాబట్టి పాడైందనీ కాదు. తేల్చేది రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఉద్దానం వాళ్లు నొప్పి ఉన్నా లేకున్నా ఆ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది వేరే ఉంది. కండరాల నొప్పికి మందుల షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్లలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో పని చేసి, నీళ్లు సరిగా తాగని ఒంటి మీద అవి ఇంకా గట్టిగా దెబ్బ కొడతాయి. కిడ్నీ భయంతో, కిడ్నీది కాని నొప్పికి, కిడ్నీని పాడుచేసే బిళ్ల మింగడం మన దగ్గర రోజూ జరుగుతోంది. డాక్టరు రాయకుండా ఆ బిళ్లలు వేసుకోకండి. వేరే డాక్టరు దగ్గరకు వెళ్లినా "మాది ఉద్దానం" అని ముందే చెప్పండి.

నడుము పట్టేస్తే ఎన్నాళ్లు పడుకోవాలి? బెల్టు కట్టుకోవాలా?

ఒకటి రెండు రోజులు, అదీ నొప్పి మరీ ఎక్కువగా ఉంటేనే. తర్వాత ఇంట్లో నడవడం మొదలుపెట్టండి. మంచం మీద ఉన్నకొద్దీ కండరాలు చిక్కిపోతాయి. బెల్టు ప్రయాణానికో తప్పని పనికో కాసేపు కట్టుకోవచ్చు. నెలల తరబడి కట్టుకుంటే ఆ పని చేయాల్సిన కండరాలు పని మరిచిపోతాయి. వేడి కాపడం మంచిదే. తైలం కంటే రాసే చేతి మర్దనే ఎక్కువ సాయం చేస్తుందని నా అభిప్రాయం.

అందరూ ఎంఆర్ఐ తీయించుకోవాలా?

అక్కర్లేదు. నొప్పి ఏమీ లేనివాళ్లకు తీసినా నలభై దాటాక డిస్కు ఉబ్బు, అరుగుదల కనిపించడం మామూలే. రిపోర్టు చూసి బెంబేలెత్తి వంగడం మానేసినవాళ్లను చూశాను, వాళ్ల నడుము ఇంకా బిగుసుకుపోయింది. నొప్పి పిర్ర నుంచి మోకాలు దాటి పాదం దాకా లాగుతూ, దగ్గినా తుమ్మినా ఎక్కువవుతుంటే డిస్కు నరాన్ని నొక్కుతోందేమో అని అనుమానించాలి. అది ఎక్కువగా నడుములో చివరి రెండు డిస్కుల దగ్గర జరుగుతుంది. అలాంటప్పుడు కూడా చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి?

మూత్రం రాకపోవడం, తెలియకుండా మూత్రమో విరేచనమో అయిపోవడం, తొడల మధ్య మొద్దుబారడం, కాలు లేదా చెయ్యి బలం తగ్గిపోవడం: నరాలు గట్టిగా నొక్కుకుంటున్నాయని అర్థం, గంటలు కూడా ముఖ్యమే. జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోయి, గట్టి తలనొప్పి, వాంతులు ఉంటే మెదడు పొరల జ్వరం కావచ్చు. మెడ, దవడ, ఎడమ చెయ్యి లాగుతూ చెమటలు పడుతుంటే గుండెపోటు అనుకుని కదలాలి, గ్యాస్ అని ఆగకూడదు. చెట్టు మీద నుంచో, బండి మీద నుంచో పడ్డ మనిషి మెడ నొప్పి అంటే లేపి కూర్చోబెట్టకండి, తల కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయండి.

వారాల తరబడి సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర పట్టనివ్వని వెన్ను నొప్పి ఉంటే వెన్నుపూస క్షయ, ఇతర జబ్బుల కోసం పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయ పరీక్షలు, మందులు ఉచితం. మొదట్లోనే పట్టుకుంటే పూస కుంగిపోయి గూని రాకుండా ఆపవచ్చు.